ఆతే ఫ్లోర్ తాత్కాలికంగా మార్చిన లైను

మా వరద హెచ్చరికల ఆఫీసులో ఆతే ఫ్లోర్‌ని వాడుకున్నవాళ్ళే తప్ప మెచ్చుకున్నవాళ్ళు లేరు. అసలు పేరు ఫ్లోర్దెలిసా మగ్పంతాయ్. మాకంటే పెద్దది కాబట్టి అందరికీ ఆతే, అంటే అక్క. నది ఎక్కడ పొంగుతుందో చూపే మ్యాప్ ప్రతి పొద్దున ఆరింటికల్లా ఊళ్ళకు చేరేదంటే, పదమూడేళ్ళపాటు అదంతా ఆమె చలవే. ఆమె పనిలో ఉన్నన్నాళ్ళూ ఈ మాట ఆమె ముందు నేను ఒక్కసారీ అనలేదు.

ఆమె తండ్రి జీప్నీలనే చిన్న బస్సుల స్టాండులో బళ్ళను వరసగా పంపే మనిషి. ముందు బండి నిండి కదిలితే తప్ప వెనక బండి డ్రైవరు ఇంజను ముట్టుకోకూడదు. ముట్టుకున్నవాణ్ణి ఆయన బూతులతో కడిగేసేవాడట. ఆతే ఫ్లోర్ మా క్లస్టర్‌లో చేసిన పనీ అదే. క్లస్టర్ అంటే కింది అంతస్తు చలిగదిలో బీరువాల్లా నిలబెట్టిన అరవై కంప్యూటర్లు. వాటికి అప్పగించే ఒక్కో పని ఒక్కో జాబు. రోజూ మావి నాలుగు. మొదటి జాబు వాన లెక్కలు తెస్తుంది. రెండోది ఆ వానకు నదిలో నీరు ఎంత పెరుగుతుందో కడుతుంది. మూడోది మ్యాప్ గీస్తుంది. నాలుగోది ఊరి పెద్దల ఫోన్లకు సందేశం పంపుతుంది. నాలుగింటినీ ఒకదాని వెనక ఒకటి కట్టిన షెల్ స్క్రిప్ట్, అంటే కంప్యూటరుకిచ్చే ఆజ్ఞల చిట్టా, ఆమె రాసిందే. ముందు జాబు సవ్యంగా ముగిస్తేనే తర్వాతది మొదలవ్వాలని అందులో షరతు పెట్టింది.

ఆ షరతే మా డైరెక్టర్ వాల్దెరామాకు గిట్టలేదు. ఒక ఎండాకాలం వాన జాబు రెండు రోజులు వరసగా చచ్చింది. వెనకవన్నీ క్యూలో అలాగే కూర్చున్నాయి. మ్యాప్ రాలేదు. పైనుంచి ఫోన్లు మోగాయి.

"ఏమ్మా ఫ్లోర్, నీ జాబులకు అంత మర్యాదెందుకు? ముందువాడు పడిపోతే దాటుకుని పొమ్మను!" అని అరిచాడాయన.

"దాటుకుని పోతే రెండో జాబు ఏం తింటది సార్? నిన్నటి వాన ఫైలు అక్కడే పడుంటది. దాన్నే తినేసి, ఇవాళ్టి తేదీతో మ్యాప్ గీసి పంపేస్తది."

"ఏదో ఒకటి వెళ్ళాలి. ఖాళీగా ఉంటే మన పరువు పోద్ది."

ఆమె ఒక్క లైను మార్చింది. ముందు జాబు ఎలా ముగిసినా సరే, బాగా ముగిసినా చచ్చినా సరే, తర్వాతది మొదలైపోతుంది. ఆ లైను పైన, కంప్యూటరు పట్టించుకోని గుర్తు పెట్టి, మనుషుల కోసం ఇలా రాసింది: "ఇది తాత్కాలికం. సరిచేయాలి. ఫ్లోర్." అది పదకొండేళ్ళ కిందటి మాట. ప్రతి మీటింగులో సరిచేద్దామని అడిగేది. నడుస్తున్నదాన్ని కెలక్కు అనేవారు. నేనూ అన్నాను ఒకసారి, నవ్వుతూ.

ఇక ఆ లైనుకు కాపలా తానే కాసింది. రోజూ ఐదింటికి వచ్చేది. డబ్బాలో వెల్లుల్లి అన్నం, ఎండుచేప. లాగిన్ అయి ఒక్క ముక్క టైపు కొడితే వాన ఫైలు ఏ పూట పుట్టిందో కనిపిస్తుంది. పాతదైతే మ్యాప్‌ను చేత్తో ఆపి, వాన జాబును మళ్ళీ నడిపేది. జ్వరంలో కూడా వచ్చింది. ఇంత చాకిరీ ఒక్క మాట మార్చనివ్వనందుకు! తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పోయిన వానాకాలం వాళ్ళమ్మ చనిపోయింది. తొమ్మిదోరోజు ప్రార్థనలకు ఊరికి వెళ్తూ నన్ను పిలిచింది.

"క్రిస్పిన్, రేపొక్క పూట నువ్వు చూడరా. ముందు ఫైలు తేదీ చూడు. మ్యాప్ చూసి మోసపోకు, అదెప్పుడూ అందంగానే ఉంటది."

"అబ్బా, పదిసార్లు చెప్పావు ఆతే. నేనేమన్నా పసిపిల్లాణ్ణా?"

"పసిపిల్లాడైతే చెప్పిన మాట వినేవాడు" అని నెత్తిన ఒకటి మొట్టి వెళ్ళింది.

మర్నాడు నేను వెళ్ళేసరికి ఐదున్నర. గోడ మీది తెరలో మ్యాప్ అప్పటికే సిద్ధంగా ఉంది. పైన ఆ రోజు తేదీ. నది పొడుగునా పచ్చరంగు. పచ్చ అంటే ప్రమాదం లేదని. కిటికీ బయట వాన కుండపోతగా కురుస్తోంది. దాన్ని చూస్తూనే కాఫీ కలుపుకుని, వేడి పాందెసాల్ రొట్టె ముంచుకుని తిన్నాను. లాగిన్ కాలేదు. లాగిన్ అవడానికి ఒక్క నిమిషం చాలు. నాకు బద్ధకమేసింది. ఇంకే కారణమూ లేదు.

డిస్కు నిండిపోయి వాన జాబు మధ్యలోనే చచ్చిందని తర్వాత తెలిసింది. రెండో జాబు నిన్నటి పొడి వాతావరణాన్ని లెక్కగట్టింది. ఆరింటికి సందేశం వెళ్ళింది. మలబాటో అనే ఊళ్ళో నది ఒడ్డు జనం వానకు భయపడి అప్పటికే పిల్లాపాపలతో గుట్ట మీది చర్చికి చేరి ఉన్నారు. ఊరి పెద్ద ఫోన్ చూసి, "ప్రమాదం లేదంట, ఇళ్ళకు పోండి" అన్నాడు. నమ్మి దిగారు. తొమ్మిదిన్నరకు నది వచ్చింది. పదకొండు మంది పోయారు. అందులో నలుగురు ఒకే ఇంటివాళ్ళు.

ఆతే ఫ్లోర్ నల్లబట్టల్లోనే తిరిగొచ్చింది. విచారణకు రాజధాని నుంచి ముగ్గురు వచ్చారు. ఆ పొద్దున నడవాలో నన్ను ఆపింది.

"తేదీ చూశావా?"

"చూశాను ఆతే. కొత్తదే ఉంది" అన్నాను. అబద్ధం నోట్లోంచి అంత తేలిగ్గా వస్తుందని నాకప్పటిదాకా తెలియదు.

"సర్లే" అని తన సీటుకు వెళ్ళి కూర్చుంది. పావుగంటకు లోపలికి పిలిచారు.

బల్ల మీద స్క్రిప్ట్ అచ్చుతీసి పెట్టారు. ఆ లైను కింద ఎర్రగీత, దాని పైన ఆమె పేరు. ఇది ఎవరు రాశారని అడిగారు.

"నేనే."

"తాత్కాలికం అని పదకొండేళ్ళా?"

ఆమె వాల్దెరామా వైపు చూసింది. ఆయన కాగితాలు సర్దుకుంటున్నాడు. "అవును, పదకొండేళ్ళు" అంది.

"ఆ రోజు చూడాల్సింది ఎవరు?"

నేను గోడవారగా కూర్చుని ఉన్నాను.

"నేనే చూడాలి. రాలేదు" అంది. నా వైపు తిరగనైనా లేదు.

ఆమె ఉద్యోగం పోయింది. పింఛనూ పోయింది. స్క్రిప్ట్ నాకప్పగించారు. మొదటి రోజే షరతు మార్చాను. సవ్యంగా ముగిస్తేనే తర్వాతది. పదకొండేళ్ళు ఆగిన పనికి రెండు నిమిషాలు పట్టింది. ఎవరూ కాదనలేదు.

తర్వాత ఆమె ఖాతా మూసేయమని ఆర్డరు వచ్చింది. మూసేముందు తెరిచి చూశాను. ఎవరు ఏం కొట్టారో క్లస్టర్ వరసగా దాచుకుంటుంది. ఆమె చివరిగా కొట్టిన లైను విచారణ రోజుది, లోపలికి పిలవడానికి పది నిమిషాల ముందుది. అందులో నా పేరుంది. వరద వచ్చిన పొద్దున క్రిస్పిన్ ఎన్నింటికి లాగిన్ అయ్యాడని క్లస్టర్‌ను అడిగింది.

అదే లైను నేనూ కొట్టి చూశాను. ముందు రోజు ఉంది, తర్వాతి రోజు ఉంది. ఆ రోజు లేదు.