ఒక గుంట తేడా

భూమి కొలతల శాఖలో ముప్పై ఏళ్లకు పైగా గొలుసు పట్టినవాణ్ణి. ఉద్యోగ విరమణ తర్వాత కూడా ఎవరి చేను ఎంతో నోటుబుక్కులో రాసుకోకపోతే నాకు తోచేది కాదు. అందువల్ల రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, వనపర్తిలోని పల్లి విత్తనాల రైతు సంఘం సభ్యుల భూముల పట్టికను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తామన్నప్పుడు, సరిచూసే బాధ్యత నాకు అప్పగించారు. ప్రోగ్రాం రాసే పని మా కోడలికి దక్కింది. ఆమె జావా ప్రోగ్రామింగ్ నేర్చుకుని, ఏడాదిగా ఉద్యోగం లేక ఇంట్లో ఉంటోంది. సంఘం పెట్టిన షరతు ఒకటే: శనివారానికి పట్టిక నా నోటుబుక్కుతో గుంట తేడా లేకుండా సరిపోతే సంఘంలో ఉద్యోగం ఆమెది. లేకపోతే హైదరాబాద్ నుంచి వేరే మనిషి వస్తాడు. ఇంటి మనిషని నేను మినహాయింపు ఇవ్వనని ముందే చెప్పాను.

మంగళవారం మొదటి ప్రతి అచ్చయింది. ఆనాడే గద్వాల పక్కనున్న గట్టు అనే ఊరి నుంచి ఒక పెద్దమ్మ విత్తనాల చీటీ కోసం వచ్చింది. ఆమెకున్నది ఇరవై ఐదు గుంటల చెల్క, వానకు పండే మెట్ట చేను. పట్టికలో ఆమె ఎదుట సున్నా ఉంది.

“సున్నానా? మరి నిన్న నేను రాళ్లేరింది యాడ సారూ, గాలిలనా?” అని నన్నే నిలదీసింది.

నాకు ఒళ్లు మండి కోడలి వైపు తిరిగాను. “ఏంది బిడ్డా ఇది? మనిషి చెల్కనే మాయం జేస్తదా నీ మిషన్?”

“తప్పు మిషన్ది కాదు మామా, నాదే. దశాంశాన్ని పూర్ణాంకం చెయ్యమన్న. చుక్క తర్వాతదంత కోసేసింది.”

“కోస్తందుకు అదేమన్న సొరకాయనా?”

పెద్దమ్మ నవ్వింది. నేను నవ్వలేదు. ‘గట్టు: ఇరవై ఐదు గుంటలు గల్లంతు’ అని ఎర్ర సిరాతో రాసి, కింద తేదీ వేశాను.

కోడలి చిక్కు నాకు తెలియకపోలేదు. సంఘానికి వచ్చిన మూడు ఊళ్ల పుస్తకాలు మూడు తీర్లుగా ఉన్నాయి. గద్వాల గుమాస్తా ఎకరం పదిహేను గుంటలను ‘1.15’ అని రాస్తాడు. నలభై గుంటలకు ఎకరమైనా చుక్క మాత్రం మానడు. వనపర్తిలో అన్నీ గుంటలే. నాగర్‌కర్నూల్ గుమాస్తా కృష్ణా నదికి అవతలి వైపు నుంచి వచ్చినవాడు కనుక ఎకరాన్ని నూరు సెంట్లుగా లెక్కించాడు.

బుధవారం ఆమె పాతదంతా చెరిపి ఒక ఇంటర్‌ఫేస్ రాసింది. అందులో ఉన్నది ఒకే ఒక్క పని: దశాంశ సంఖ్యను తీసుకుని, గుంటలను పూర్ణాంకంగా తిరిగి ఇవ్వడం. ఇలాంటివాటికి ఫంక్షనల్ ఇంటర్‌ఫేస్ అన్న పేరు చాలా ఏళ్లకు విన్నాను.

“ఇది ఒప్పందం తీరు మామా,” అంది. “చుక్కల లెక్క ఇస్త, గుంటలు ఇయ్యాలె. ఏ ఊరోళ్లు ఎట్ల మారుస్తరో పట్టిక అచ్చేసే భాగానికి తెల్వాల్సిన పనే లేదు.”

“ఒక ఊరోళ్లు మాట తప్పితే?”

“ఆ ఊరి క్లాసు, అంటే ఆ ఊరి లెక్క మార్చే ముక్క, ఒక్కటే దిద్దుత. మిగిలిన రెండింటి జోలికి వోను.”

మా శాఖలో ఇంత శుభ్రంగా పని పంచుకున్నవాళ్లను నేను చూడలేదు. ఆ మాట పైకి మాత్రం అనలేదు.

శుక్రవారానికి పెద్దమ్మ చెల్క పట్టికలోకి తిరిగి వచ్చింది. మొత్తం మాత్రం నా లెక్కకు ఒక గుంట తక్కువ. వరుస వరుసా వేలు పెట్టి చూసుకుంటూ పోతే గద్వాల పుస్తకంలో దొరికింది: ఎకరం పదిహేనుకు యాభై ఐదు గుంటలు రావాలి, యాభై నాలుగు వచ్చాయి.

“ఒక్క గుంటనే కద మామా!”

“ఒక్క గుంట కోసం గద్వాల దిక్కు నడిగడ్డల అన్నదమ్ములు కోర్టుల పొంటి తిరిగిండ్రు. నేను సంతకం పెట్ట.”

ఆమె ముఖం చిన్నబోయింది. మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుని తవ్వింది. చుక్క తీసెయ్యడానికి 1.15ను నూరుతో గుణిస్తే యంత్రం నూట పదిహేను ఇవ్వలేదు. నూట పద్నాలుగు, చుక్క, ఆ వెనక తొమ్మిదుల బారు ఇచ్చింది. ఆ దశాంశం దాని లోపల కచ్చితంగా ఇమడదట. తోక కోయగానే నూట పద్నాలుగే, అంటే ఎకరం పద్నాలుగు గుంటలే మిగిలింది. కోయడం మాని దగ్గరి పూర్ణాంకానికి సవరించమని గద్వాల క్లాసులో ఒక్క వరుస మార్చింది.

శనివారం సంఘం సెక్రటరీ ఎదుట మొత్తం పట్టికను మూడుసార్లు కూడి చూశాను. మూడుసార్లూ సరిపోయింది. సంతకం చేశాను.

“సొంత కోడలని పెట్టలే గద సారూ?” అన్నాడు సెక్రటరీ.

“గుంట తక్కువైతే హైదరాబాదోనికి నేనే ఫోన్ జేస్తుంటి!” అన్నాను.

అతను నవ్వుతూ నియామక కాగితం ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి సంచిలో పెట్టుకుని, నా నోటుబుక్కు అందుకుంది.

“మామా, సోమవారం నుంచి నీ ఏడ్ల అంకెలు జర సక్కగ రాయాలె. ఒకట్ల తీరు కనవడ్తున్నయ్.”

ఉద్యోగిగా ఆమె ఇచ్చిన మొదటి ఆదేశం అది. నాకు చాలా కోపం వచ్చింది. తేదీ వేసి రాసుకున్నాను.