విమల భత్యం కోసం పట్నం ప్రయాణం

ఝరాసంగం నుంచి మొదటి బస్సు పొద్దున ఆరింటికి. మా ఊరి మహిళా సంఘంలో ఎవరైనా ఇదే పని మీద పట్నం వెళ్ళదలిస్తే ఆ బస్సు తప్పనివ్వకండి. అది పోతే జహీరాబాదులో ఎక్స్‌ప్రెస్ అందదు.

నేనూ విమలా కలిసి బయలుదేరాం. విమల హైదరాబాదులో న్యాయశాస్త్రం చదువుతోంది. వేసవి సెలవుల్లో మా ఊరికొచ్చి, అప్పు కింద పటేళ్ళ దగ్గర ఏళ్ళ తరబడి వెట్టి జీతం ఉంటున్నవాళ్ళను విడిపించడానికి దరఖాస్తులు రాస్తోంది. మా తమ్ముడి దరఖాస్తు సగంలో ఉంది. ఇలాంటి పని చేసే విద్యార్థులకు విశ్వవిద్యాలయం భత్యం ఇస్తామంది కానీ ఇంకా మంజూరు చేయలేదు. ఊరివాళ్ళలో ఒకరు వచ్చి ఆమె పని గురించి చెప్పాలన్నారు. భత్యం రాకపోతే విమలకు మళ్ళీ మా ఊరికి రావడం కుదరదు. నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని కనుక సంఘం నన్ను పంపింది.

ఏడున్నరకు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. పొద్దుటి పూట కుడివైపు కూర్చుంటే నీడ ఉంటుంది. పక్కన కోహీర్ రైతు, కాళ్ళ దగ్గర అల్లం బస్తా.

"యాడికి పోతున్నవక్కా?"

"కాలేజికి."

"గీ వయసుల పరీక్ష రాస్తవా?"

"పరీక్ష నాకు గాదు, సార్లకు."

బస్సులో నవ్వారు. విమల మాత్రం నవ్వలేదు.

పదిన్నరకు గౌలిగూడలో దిగి సిటీ బస్సు పట్టుకున్నాం. విశ్వవిద్యాలయం ఆఫీసు బయట వేపచెట్టు కింద జొన్నరొట్టె, మిరప తొక్కు తిన్నాం. పన్నెండింటికి పిలిచారు. లోపల ఒక పెద్దసారు, ఒక మేడమ్.

"ఈ అమ్మాయి నిజంగా మీ ఊళ్ళోనే ఉండి పని చేసిందా?" అన్నాడు సారు.

"చేసింది సారు. పటేలు కుక్కల్ని ఇడిస్తే గూడ ఉరకలే."

"భోజనానికి మీకేమిచ్చేది?"

నాకు రోషం వచ్చింది. "తిండికి పైసలు తీసుకుంటమా? దినానికొక ఇల్లు వంతు పెట్టుకున్నం. ఒక్క పైస ఖర్చు కానియ్యలే."

ఆయన కలం కింద పెట్టాడు. "ఖర్చే లేకపోతే భత్యం ఎందుకమ్మా?"

విమల తల దించుకుంది. ఇప్పించడానికి వచ్చినదాన్ని నేనే అడ్డం పడ్డానని అప్పుడు అర్థమైంది. అలాగని మా వాళ్ళు రొట్టెకు డబ్బు పుచ్చుకున్నారని చెప్పడానికి నోరు రాలేదు.

"సారూ, మా రొట్టె మాది. దానికి లెక్క లేదు. గని ఈ పిల్ల మా ఇండ్లల్ల తింటుంటే, ఆమె ఇంట్ల పొయ్యి ఎవరు ముట్టిచ్చిన్రు? తల్లికి కండ్లు కనవడయి. ఎండకాలం ఈమె మిషన్ కుడితేనే వాళ్ళకు కూడు. పైసలున్నోళ్ళ పిల్లలు ఊకెనే రావొచ్చు. ఎవరు రాలే. ఈ పిల్ల వచ్చింది."

మేడమ్ విమల వైపు చూసింది. "ఇది ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదు మేడమ్."

మమ్మల్ని బయట కూర్చోమన్నారు. ఆ కూర్చున్నంతసేపూ తమ్ముడే కళ్ళముందు మెదిలాడు. మూడింటికి గుమాస్తా పిలిచాడు. సెలవులు అయ్యేదాకా భత్యం మంజూరు. మొదటి నెలది అప్పుడే చేతికిచ్చారు. నా గుండెల మీది బరువు దిగింది. పట్నంలోనే ఉన్న విమల ఇంటికి పోయి తల్లి చేతిలో డబ్బు పెట్టి వచ్చాక అయిదు గంటల బస్సు ఎక్కాం.

సదాశివపేటలో బస్సు కాసేపు ఆగింది. నేను కొంగుముడి విప్పబోతుంటే విమల అడ్డుకుంది.

"మొగులమ్మక్కా, ఈ చాయ్ నాది."

"రేపు సారు అడిగితే ఏం జెప్పాలె?"

"ఖర్చయిందని చెప్పు."

ముడి మళ్ళీ బిగించాను. అన్నాళ్ళుగా ఆ పిల్ల డబ్బు ముట్టనిదాన్ని, ఆ చాయ్ చుక్క మిగల్చకుండా తాగాను. పొద్దున పోతున్నప్పుడు పట్నం ఎంత దూరమో అనిపించింది. తిరుగు దారిలో జహీరాబాదు ఎప్పుడొచ్చిందో తెలియలేదు. ఝరాసంగం ఆఖరు బస్సు కూడా దొరికింది.

"అక్కా, రేపు వంతు ఎవరింటిది?" అని అడిగింది విమల, బస్సు కదిలాక.

"మా తమ్మునింటిది. పెన్ను మర్వకు."