పోయినసారి యాడ ఆగింది?

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక సీనియర్ మేడం ఉండేవారు. మోకాలి ఆపరేషన్ తర్వాత మా అమ్మను మొదటిసారి శ్రీశైలం తీసుకెళ్లాలని, కారు మాట్లాడటానికి ఆ మేడంతో క్యాంపస్ నుంచి తార్నాకకు నడిచాను. ప్రతి ట్రావెల్స్‌లోనూ ఆవిడది ఒకటే ప్రశ్న: "పోయినసారి మీ బండి యాడ ఆగింది?"

"మా బండ్లు ఆగుడే లేదు మేడం!" అన్నాయన దగ్గర ఆవిడ కూర్చోనైనా లేదు.

"ఫోన్‌ల ఆయనకు ఐదు స్టార్లున్నయి మేడం," అని వాదించాను.

"అడవిల బండి ఆగితే స్టార్లొచ్చి నెడతయా?"

మూడో దుకాణం ఆయన తల గోక్కున్నాడు. "శ్రీశైలం తొవ్వల మన్ననూరు దాటినంక అడవిల ఆగింది మేడం. ఫోన్ కలవలే. గప్పటిసంది మన్ననూరుల ఒకాయనకు చెప్పిపెట్టిన. మా బండి అడవి దాటిందని ఫోన్ రాకుంటే, జీపేస్కొని ఎతుక్కుంట వస్తడు."

"ఈయన బండే మాట్లాడు," అన్నారు మేడం.

ఆ అడవిలోనే మా కారూ ఆగింది. ఫోన్లు పనిచేయలేదు. అమ్మ మోకాలు పట్టుకుని కూర్చుంది. మేడంను ఎన్ని మాటలనాలో నేను కూడబెట్టుకుంటుండగా, వెనక నుంచి జీపు వచ్చింది.

తిరిగొచ్చాక ఎదురుపడితే, దర్శనం ఎలా అయిందని ఆవిడ అడగలేదు.

"యాడ ఆగింది?" అన్నారు.

వాదన లేనిదే పూట గడవని నేను, చేతులు కట్టుకుని చోటు పేరు చెప్పాను.