గోడకు దూరంగా

1908 ఫిబ్రవరి, ఆదివారం. సముద్రం దాటి మావాళ్లు కూలికొచ్చిన దీవిలో, షెమాన్ గ్రెనియే ఊరి దగ్గర చెరకుతోట కూలీల ఇళ్లు, మా పెరడు. ఉన్నవారు: అమ్మ, నాన్న, పక్కింటి పైడితల్లత్త, ఆరేళ్ల నేను. అప్పటికి నాకు రాయడం రాదు. ఈ వివరాలు పెద్దయ్యాక అమ్మనడిగి డైరీలోకి ఎక్కించాను. ఇవాళ మునిమనవరాలు చీకి పారేసిన మామిడిటెంక వాసనకు ఆ పేజీ తీశాను.

అమ్మ పెరట్లో కొత్తిమీర, తోటకూర తప్ప ఏదీ వేసేది కాదు. "ఊరెళ్లిపోయీవోళ్లకి చెట్లెందుకే?" అనేది. చెట్టుంటే అమ్మ సంతోషిస్తుందని నేను దొంగచాటుగా గోడ పక్కన ఒక మామిడిటెంక పాతాను. రాగిరంగు ఆకులు రాగానే అందరినీ పిలిచి చూపించాను.

"ఓలమ్మో! మీ గుంట మిమ్మల్ని ఇక్కడే పాతీసిందే!" అని పైడితల్లత్త నవ్వింది.

అమ్మ నా చెంప మీద కొట్టింది. అంతకుముందెప్పుడూ కొట్టలేదు. నాకు ఏడుపు కూడా రాలేదు.

"ఇది కాసీదాకా ఇక్కడే పడుండాలేటి?" అంటూ మొక్క పీకబోయింది.

"ఉండనీయే," అన్నాడు నాన్న తల వంచుకుని. "మొన్న దొరకాడ మళ్లీ ఒప్పందానికి ఏలిముద్ర ఏసీసినాను."

అమ్మ చెయ్యి మొక్క మీదే ఆగిపోయింది. నా మొక్క వల్లే మేం ఊరెళ్లాల్సిన ఓడ తప్పిపోయిందని చాలా ఏళ్లు అనుకున్నాను.

మర్నాడు పొద్దున లేచేసరికి గోడ పక్కన గొయ్యి ఖాళీగా ఉంది. అమ్మ పెరటి మధ్యలో కూర్చుని, అదే మొక్క మొదట్లో మట్టి అదుముతోంది.

"గోడకి అంత దగ్గిర ఏసినావేటే?" అంది. "పెద్ద చెట్టయితే గోడ పగిలిపోదా?"