మెరిసే కాగితం మీద వేలిముద్ర

నరసరావుపేటలో సుభానీ ముప్పై ఏళ్లుగా సీసపు అక్షరాలు పేర్చి అచ్చు వేస్తున్నాడు. ఆ అక్షరాలు అద్దంలోలా తిరగబడి ఉంటాయి. వాటిని చదివీ చదివీ తిరగబడ్డదేదైనా అతని కంటికి ఇట్టే దొరుకుతుంది. కాగితం సంగతిలో మాత్రం మహా మొండివాడు.

1986లో ప్లాట్లమ్మే ఆదెయ్య బ్రోచరు కోసం వచ్చి, వార్నిష్ పూసిన ఆర్ట్ పేపరు అడిగాడు.

"నీ దగ్గర కొనేది క్వారీ కూలోళ్ళు. బ్రోచరులో ప్లాను మీద వేలిముద్ర వేసి ప్లాటు నంబరు ఖాయం చేసుకుంటారు. వార్నిష్ మీద సిరా ఆరదు. గరుకు మ్యాప్‌లిథో కాగితం వేసుకో ఆదెయ్యా," అన్నాడు సుభానీ.

"మెరవకపోతే ఎవుడు కొంటాడు భాయ్?"

సుభానీ మెరిసేదాని మీదే వేశాడు. నెల తిరక్కుండానే ఆదెయ్య, దాచేపల్లి క్వారీలో పనిచేసే రోశమ్మ తగువు పడుతూ ప్రెస్సుకొచ్చారు. రోశమ్మ ప్లాను మీద వేలు వేసి, కాగితం మడిచి తీసుకెళ్ళింది. తడి సిరా మడతకు అవతలున్న నంబరుకూ అంటింది. రోడ్డు పక్క ముప్పై ఒకటి తనదని ఆమె అంటుంది. కాదు, వాగు పక్క పద్నాలుగని ఆదెయ్య అంటాడు.

సుభానీ గరుకు కాగితం మీద ఆమె చేత మళ్ళీ వేలు వేయించి, మూడు ముద్రలూ పోల్చి చూశాడు.

"పద్నాలుగు మీదది తిరగబడ్డ ముద్ర. ఆమె వేలు వేసింది ముప్పై ఒకటి మీదే."

ఆదెయ్య తల గోక్కున్నాడు. "ఈసారి నువ్వు చెప్పిన కాగితమే తెప్పించు."

"తెప్పించేదేంది," అంటూ సుభానీ బల్ల కింద నుంచి మ్యాప్‌లిథో కట్ట లాగాడు. ఆదెయ్య వద్దన్న రోజే దాన్ని బ్రోచరు కొలతకు కోసి పెట్టాడు.