గోడ అవతల రొట్టెల చప్పుడు

దయ్యాలంటే నాకు భయం కాదు, చిరాకు. మా నాన్న మెదక్‌లో చర్చి బడి పంతులు. మా ఇంట్లో ప్రార్థన ఉండేది కానీ భూతవైద్యం ఉండేది కాదు. నేను చేసిన పని కూడా అలాంటిదే. బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాణ్ణి. కాలిపోయిన మోటారు విప్పితే ఎక్కడో ఒక కారణం దొరికి తీరుతుంది. దొరకలేదంటే మనం సరిగా వెతకలేదని అర్థం.

దేశంలోకి చైనా పంపులు చౌకగా దిగడం మొదలయ్యాక హవేలిఘనపూర్ రైతులు పాత మోటారు బాగుచేయించడం మాని కొత్తది కొనుక్కోసాగారు. నా దుకాణం మూతపడింది. ఆ పంపులు తెప్పించే హైదరాబాద్ వ్యాపారే నన్ను పిలిచి, సరుకు ఓడ ఎక్కేముందు చైనాలోనే ఉండి పరీక్షించే ఉద్యోగం ఇచ్చాడు. నా పొట్ట కొట్టిన ఊరికే పొట్ట చేత పట్టుకుని పోయాను. నా భార్య సుగుణ మెదక్‌లోనే ఉండిపోయింది.

ఆ ఊరి పేరు చెప్పినా మీకు తెలియదు. వీధులకు వీధులే పంపులు, గాలిలో ఇనుపరజను వాసన. తూప్రాన్‌లో ఒక్క గదికి ఇచ్చే కిరాయికి అక్కడ రెండు గదుల ఇల్లు దొరికింది. చౌక నిజమే, కానీ మాట లేదు. కూరగాయలామెకు వేలు చూపించి కొనడం, ఓ నవ్వు నవ్వి తిరిగి రావడం. తిండికి తప్ప నా నోరు ఇంకో పనికి రాలేదు. దొంగల భయానికి కిటికీలన్నిటికీ ఇనుప బోనులు బిగించారు. లోపలినుంచి చూస్తే ఆ దొంగను నేనే అనిపించేది.

ఇక్కడ తెలంగాణ కోసం బంద్ మీద బంద్ జరుగుతున్న చలికాలం. అక్కడ వాళ్ళ కొత్త సంవత్సరం పండుగ. ఫ్యాక్టరీలు మూసేసి పనివాళ్ళంతా సొంతూళ్ళకు పోయారు. మా బిల్డింగ్ ముసలి వాచ్‌మన్ పోతూ పోతూ నా తలుపు తట్టి, చేత్తో తాళం తిప్పినట్టు చూపించి ఏదో అడిగాడు. పండుగకు ఊరెళ్ళేవాళ్ళు మెదక్‌లో పక్కింటివాళ్ళకు చెప్పే మాటే అనుకున్నాను: "తాళం ఏసుకో, పైలం." సరే సరేనని గట్టిగా తల ఊపాను. ఆయన అడిగింది వేరని తర్వాత తెలిసింది. నువ్వూ పోతున్నావు కదా, గేటుకు తాళం వేసేస్తున్నాను అని.

మర్నాడు కిందికి దిగితే ఇనుప గేటుకు బయటినుంచి లావుపాటి గొలుసు, తాళం. నల్లా తిప్పితే గాలి వచ్చింది. చలికి పైపుల్లో గడ్డకట్టకుండా నీళ్ళు కూడా ఆపేసి పోయాడు. ఫోన్లో బ్యాలెన్స్ లేదు. కిటికీలోంచి అరుద్దామంటే ఊరంతా టపాకాయలు, నా అరుపు నాకే వినబడలేదు. గేటు ఊచల్లోంచి చేతులు పెట్టి పగలంతా ఆ గొలుసు గుంజేవాణ్ణి. అరచేతులు బొబ్బలెక్కాయి. గిన్నెలో మిగిలిన నీళ్ళు గుక్క గుక్కగా తాగాను. అవి అయిపోతే చస్తాను, చచ్చినా పండుగ అయ్యేదాకా ఎవరికీ తెలియదు. దాచడం ఎందుకు, వెక్కి వెక్కి ఏడ్చాను.

గిన్నె ఖాళీ అయిన రోజు మధ్యాహ్నం పక్కింట్లోంచి చప్పుడు వచ్చింది. జొన్నరొట్టె తట్టే చప్పుడు.

మా గల్లీలో ఆ చప్పుడు విని పీట ముందు ఎవరు కూర్చున్నారో చెప్పొచ్చు. ఒక్కొక్కరి చేతిది ఒక్కో వరస. సుగుణ గబగబా తట్టి, ఆగి, పీట అంచు మీద రెండు వేళ్ళతో కొట్టి అంటుకున్న పిండి రాలుస్తుంది. మళ్ళీ తడుతుంది. గోడ అవతల అచ్చం అదే వరస.

దాహానికి చెవుల్లో పుడుతోంది అనుకున్నాను. చెవులు మూసుకుంటే ఆగింది, తీస్తే వినిపించింది. వెళ్ళి ఆ ఇంటి తలుపుకు చెవి ఆనించాను. చప్పుడు లోపలే. తలుపుకు తాళం ఉంది. తలుపు సందు మీద అంటించిన ఎర్రటి పండుగ కాగితం చిరగలేదు. సిగ్గు విడిచి "సుగుణా" అని పిలిచాను. ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. ఆ తలుపు దగ్గరే పడి ఉన్నాను. నాకున్న భయమల్లా అది ఆగిపోతుందేమోనని.

మర్నాడు పొద్దున కింద గొలుసు ఊడిన చప్పుడైంది. వాచ్‌మన్! పండుగ బట్టల్లోనే ఉన్నాడు. నన్ను చూసి ఆ ముసలాయన మెట్ల మీద కూలబడ్డాడు.

ఎందుకు వచ్చాడో తర్వాత మా ఆఫీసులో ఇంగ్లీషు వచ్చిన అమ్మాయి అడిగి చెప్పింది. వాళ్ళ ఊళ్ళో ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చున్నప్పుడు తలుపు మీద చప్పుడైందట. తీస్తే ఎవరూ లేరు. మళ్ళీ మళ్ళీ అదే. ఇంట్లోవాళ్ళంతా విన్నారు. ఆఖరికి తాళం వేసిన బిల్డింగ్ గుర్తొచ్చి, ముద్ద దిగక, దొరికిన లారీ ఎక్కి వచ్చేశాడు. ఎలాంటి చప్పుడని అడిగించాను. ఆయన బల్ల మీద అరచేత్తో గబగబా తట్టాడు. ఆగాడు. బల్ల అంచు మీద రెండు వేళ్ళతో కొట్టాడు.

జొన్నరొట్టె మొహం ఎరగని మనిషి.

మెదక్‌కు ఫోన్ చేశాను. నేను ఇరుక్కున్న సంగతి ఎత్తకుండా, రొట్టెలు చేస్తున్నావా అని మాత్రం సుగుణను అడిగాను.

"రొట్టెలేడివి? నా చెయ్యి ఇరిగింది. బంద్ నాడు గచ్చు మీద జారిపడ్డ. ఆటోలు లేక దవాఖానకు పోయేసరికి పొద్దుగూకింది. మీరు పరేషాన్ అయితరని చెప్పలే. మనింట్ల రొట్టె తట్టక నెల దినాలాయె."

ఆమె గొంతు తగ్గించి మళ్ళీ అంది.

"ఒకటి చెప్త, నవ్వొద్దు. మొన్నటిదాంక పగలంత ఎవరో ఇనుప గేటు గొలుసు పట్టుకొని గుంజుతున్న చప్పుడు. మనింటికి గేటేడిది? బయటికి పోయి చూస్తే ఎవరు లేరు. ఎందుకో మస్తు ఏడుపొచ్చింది."

అప్పటికి ఆమెకు గొలుసు మాట చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

ఉద్యోగం వదిలేసి వచ్చేశాను. మా పాస్టరు అది ప్రార్థన ఫలమన్నాడు. మా తమ్ముడు భ్రమ అన్నాడు. ముగ్గురికి, మూడు చోట్ల వచ్చే భ్రమ ఏమిటో నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కాదు.

సుగుణ చెయ్యి అతికింది కానీ కాస్త వంకర పోయింది. ఇప్పుడు నెమ్మదిగా, ఆగి ఆగి తడుతుంది, వేళ్ళతో కొట్టదు. ఆమె పాత వరస నేను చివరిసారి విన్నది ఆ గోడ అవతలే.