మెకెల్లర్ గారి ఇంట్లో మొదటి అడుగు

నా భర్త సుందర్ రాజ్‌ని ఆరేళ్లపాటు ప్రతి జనవరి ఒకటిన ఇంకొకరింటికి పంపాను. ఆయన రంగు చూసి బాపట్లలో ఇద్దరు పెళ్లికూతుళ్ల తండ్రులు కాఫీ తాగి మళ్లీ కనిపించలేదు. నిజం చెప్పాలంటే నేనూ కొంత ఆలోచించాకే ఒప్పుకున్నాను. అలాంటి మనిషి ఆ రంగు కోసమే న్యూజెర్సీలోని కెర్నీ ఊళ్లో ఒక ముసలావిడకి కావలసివచ్చాడు. ఆ ఏర్పాటు చేసింది వసంతకుమారి.

వసంతకుమారి మా తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో పాటలు పాడేది. హాస్పిటల్‌లో నర్సు, ఎక్కువగా నైట్ డ్యూటీలు. పెళ్లయిన ఏడాదిలోపే భర్త లారీ ప్రమాదంలో పోయాడు. అత్తగారు ఆదివారం గుడిలో అంతా ప్రభువు చిత్తమని సాక్ష్యం చెప్పి, ఇంటికి రాగానే ఈ పిల్ల కాలు పెట్టిన వేళ మంచిది కాదనేది. ఆ ఇంట్లో ఎవరు ప్రయాణానికి బయల్దేరినా వసంతకుమారి ఎదురు రాకుండా వంటింట్లోకి పోవాలి. ఎదురొచ్చినా ఎవరూ పట్టించుకోని ఊరు కావాలని నర్సు వీసా మీద అమెరికా వచ్చేసింది.

కెర్నీలో ఆమెకు మేడ మీద గది ఇచ్చినావిడ పేరు జెస్సీ మెకెల్లర్. డెబ్బై దాటిన విధవరాలు. వాళ్లది స్కాట్లండ్ నుంచి దారం మిల్లులో పనికి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆవిడ దగ్గర ప్రతిదానికీ ఒక సామెత ఉండేది. వాన పడితే ఒకటి, పడకపోతే ఒకటి, టీ చల్లారితే ఇంకొకటి. వసంతకుమారి తన అమ్మమ్మ సామెతల్ని ఇంగ్లీషులోకి మార్చి ఆవిడకి తిరిగి వడ్డించేది. ఒక్కటైనా ఇక్కడ రాద్దామంటే నాకు గుర్తులేవు. నేను ఆ ఇంటికి వెళ్లింది ఆవిడ చేసే బిస్కెట్ల కోసం.

అలా చక్కగా సాగిపోతుండగా పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదో సంవత్సరం మొదలైంది. ఆ పొద్దున వసంతకుమారి డ్యూటీ నుంచి వచ్చేసరికి మెకెల్లర్ గారు తలుపు తీయకుండా కిటికీ తీసింది. కాస్సేపు వరండాలోనే ఉండమని చాలా మర్యాదగా అడిగింది. కొత్త సంవత్సరంలో ఇంట్లో మొదట అడుగుపెట్టేది పొడుగ్గా, నల్లటి జుట్టుతో ఉన్న మగవాడై ఉండాలట. మనిషి రంగు కూడా నలుపైతే మరీ మంచిదట. చేతిలో బొగ్గు ముక్క, తినడానికేదో కొంచెం, చిన్న విస్కీ సీసా ఉండాలట. ఆడది ముందు వస్తే ఆ ఏడాదికి కీడు. ఒక ఏడాది ఎర్రజుట్టు ఆడపడుచు ముందు వచ్చిందనీ, ఆ ఏడే మెకెల్లర్ గారి భర్త గుండె ఆగి పోయాడనీ చెప్పింది. ఈ విషయంలో స్కాట్లండ్ మా గుంటూరు జిల్లా కంటే నయం. ఆడదైతే చాలు, ముత్తైదువా విధవా అని వివరాల్లోకి వెళ్లరు.

పక్కవీధి గిలీస్ గారు జుట్టుకి రంగేసుకుని వచ్చి గడప దాటేదాకా వసంతకుమారి మంచులో నిలబడింది. మధ్యాహ్నం నాకు ఫోన్ చేసింది.

"దెబోరక్కా, అక్కడ లోపలికి పొమ్మన్నారు, ఇక్కడ బయట ఉండమన్నారు. ఇందుకా నేను ఇంత దూరం ఫ్లైట్ ఎక్కాను?"

నాకు ఒళ్లు మండిపోయింది. వెంటనే ఇల్లు మారమన్నాను. ఆమె మారనంది. నైట్ డ్యూటీకి వెళ్లే ప్రతి సాయంత్రం మెకెల్లర్ గారు వేడి సూప్ తాగించి గానీ పంపేది కాదు. ఇల్లు వదులుకోకూడదు, ఆ గడప ముందు ఇంకోసారి నిలబడకూడదు. దానికి వసంతకుమారికి తోచిన ఉపాయం మా ఆయన. తను డ్యూటీ దిగేలోపే ఆయన వచ్చి వెళ్తే తనను ఆపే పనే ఉండదు.

ఆ మరుసటి ఏడాది నుంచి మా ఆయన, పాత సంవత్సరం ఆఖరి రాత్రి జరిగే వాచ్‌నైట్ ఆరాధన ముగించుకుని, ఓ కునుకు తీసి, మేముండే ఎడిసన్ నుంచి కెర్నీకి డ్రైవ్ చేసేవాడు. బొగ్గు ఎక్కడా దొరక్క బార్బిక్యూ బొగ్గు తీసుకెళ్లాడు. మెకెల్లర్ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి సరేనంది. సంఘంలో డీకన్ అనే పెద్దరికం ఉంది గనుక విస్కీ సీసాని బైబిలు సంచిలో పెట్టుకునేవాడు. జీవితంలో మొదటిసారి తన రంగుకి ఒకరు థాంక్స్ చెప్పారని పొంగిపోయేవాడు.

ఎనభై నాలుగు డిసెంబరు ఆఖరి సాయంత్రం ఆయనకి ఒళ్లంతా ఆటలమ్మ పోసింది. ఆ వారంలోనే మెకెల్లర్ గారికి గుండె ఆపరేషన్. వసంతకుమారి డ్యూటీకి వెళ్తూ ఫోన్ చేసి, బావగారిని ఆ ఇంటి ఛాయలకి కూడా రానివ్వద్దని నాకు గట్టిగా చెప్పింది. గిలీస్ గారు అప్పటికే పోయారు. ఫెలోషిప్‌లో పొడుగాటివాళ్లు ఇంకో ఇద్దరున్నారు గానీ ఒకరిది బట్టతల, రెండో ఆయన ఆ వారం టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉన్నాడు.

పొద్దున్నే వసంతకుమారి మళ్లీ అదే వరండాలో నిలబడింది. తెరిచిన కిటికీ వెనక మెకెల్లర్ గారు దుప్పటి కప్పుకుని వీధి వైపు చూస్తోంది. వీధిలో మంచు తప్ప మగవాడెవరూ లేడు. చాలాసేపటికి వసంతకుమారి, ఏడేళ్లుగా ఆ ఇంట్లో ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"మిసెస్ మెకెల్లర్, ఇవాళ మగవాళ్లెవరూ రారు. నా కాలు మంచిది కాదని మా అత్తగారింట్లో కూడా అన్నారు. నా భర్త చావుకి అదే కారణమన్నారు. మీరు రమ్మంటే వస్తాను. వద్దంటే హాస్పిటల్‌కి తిరిగిపోతాను."

కిటికీ మూసుకుంది. వసంతకుమారి బ్యాగ్ భుజానికి తగిలించుకుని మెట్లు దిగబోయింది. అప్పుడు తలుపు తెరుచుకుంది. మెకెల్లర్ గారు నైట్‌గౌను మీద కోటు వేసుకుని నిలబడి, లోపలికి రమ్మంది.

నేనైతే విసురుగా లోపలికి వెళ్లిపోయేదాన్ని. వసంతకుమారికి కాలు కదల్లేదు.

"ఆవిడకేమైనా అయితే జనం నన్నంటారని కాదక్కా," అంది తర్వాత నాతో. "నా వల్లే అయిందని నేనే నమ్ముతానని భయమేసింది."

సముద్రాలు దాటి వదిలించుకున్నాననుకున్న మాట ఆమెతోపాటే వచ్చిందన్నమాట. ఆ అత్తగారిని అప్పుడు నాలుగు తిట్టాలనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. మెకెల్లర్ గారు మాత్రం ఇంట్లో వేడంతా వీధిలోకి పోతోందని విసుక్కుని, వసంతకుమారి కోటు చెయ్యి పట్టి లోపలికి లాగేసింది.

ఆపరేషన్ జరిగిన రాత్రి వసంతకుమారి ఐ.సి.యు. బయట కుర్చీలోనే కూర్చుంది. నాకు తెలిసి ఆమె ప్రార్థన చేయలేకపోయిన రాత్రి అదొక్కటే. మెకెల్లర్ గారు బతికింది. నెల తిరక్కుండానే లేచి తిరుగుతూ, వసంతకుమారి కాలు చాలా మంచిదని వీధంతా చెప్పింది. మూడిళ్లవాళ్లు వచ్చే జనవరికి ఆమెను రమ్మన్నారు. మా ఆయన ఉద్యోగం పోయినవాడిలా రెండు రోజులు ముభావంగా తిరిగాడు. నాకు మాత్రం సంతోషంగానే ఉంది.

ఒక ఆదివారం మేమంతా టీ తాగుతుంటే మెకెల్లర్ గారు ఆ ఆహ్వానాల సంగతి చెప్పింది. వసంతకుమారి కప్పు కింద పెట్టింది.

"వద్దండీ. మీరు లేచారు కాబట్టి ఈ కాలు మంచిదయింది. లేవకపోతే ఏమయ్యేది? మీ గుండె బాగుచేసింది డాక్టర్లు. నా కాలికి మంచి పేరూ వద్దు, చెడ్డ పేరూ వద్దు."

మెకెల్లర్ గారు తల ఊపి, ఇంకో కప్పు టీ పోసింది. ఆ మూడిళ్లకీ తనే వెళ్లి, వసంతకుమారి రాదని చెప్పివచ్చింది.

ఆ మరుసటి జనవరి ఒకటిన మా ఆయన అలవాటు కొద్దీ బొగ్గూ సీసా పట్టుకుని వెళ్లాడు. వసంతకుమారి డ్యూటీ మధ్యలో ముగించుకుని అర్ధరాత్రి దాటాక ఎప్పుడో వచ్చి పడుకుందట. మెకెల్లర్ గారు ఇంకా లేవలేదు. వసంతకుమారే నిద్రకళ్లతో వచ్చి లోపలి నుంచి తలుపు తీసింది. ఆమె తనకంటే ముందే లోపల ఉండేసరికి ఆయనకి ఏం చేయాలో తోచక బొగ్గు చేత్తో పట్టుకుని వరండాలోనే నిలబడిపోయాడు.

"లోపలికి రండి బావగారూ," అందట. "చలిగా ఉంది."